లెక్కల సారు కారు ఎందుకు దిగారు

లెక్కల సారు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆయన గురించి ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ సైకిల్ గురించే మాట్లాడారు. ఆదోని నుంచి బడికి పద్నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ ఇంటికి పద్నాలుగు. యాభై దాటిన మనిషి ఎండైనా వానైనా ఎమ్మిగనూరు రోడ్డు మీద తొక్కుకుంటూ పోయేవారని చెప్పారు. దేవుడు చేసిన భూమిని పొగతో పాడుచేయకూడదన్న భక్తి ఆయనదని పాస్టరుగారు అన్నారు. యువజనుల కూటమి వాళ్ళు ఆ సైకిల్‌ను తుడిచి, బంతిపూల దండ వేసి, చర్చి మెట్ల పక్కన నిలబెట్టారు.

నేను రెండో వరుసలో కూర్చున్నాను. స్త్రీల సమాజం తరఫున రెండు మాటలు చెప్పమని నన్నూ పిలిచారు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది. ఆయన కారు ఎందుకు దిగారో ఆ చర్చిలో ఇద్దరికే తెలుసు, నాకూ మా హెడ్‌మాస్టరు గారికీ. హెడ్‌మాస్టరు గారు పక్క వరుసలో తల వంచుకొని కూర్చున్నారు.

బడిలోనూ సంఘంలోనూ అందరూ ఆయనను లెక్కల సారు అనేవాళ్ళు. నేను అన్నా అనేదాన్ని. జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలుండేవి. చొక్కాలన్నిటికీ ఆ జేబు కింద తెల్లటి మరక. ఎవరితో మాట్లాడుతున్నా చూపుడువేలు గాల్లో ఏదో కూడుతూ తీసేస్తూ ఉండేది. పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి టక్కున జవాబు వేస్తే ఒప్పుకునేవారు కాదు. "జవాబు నాకూ తెలుసురా. అది ఎట్ల వచ్చిందో సూపీ" అనేవారు.

ఆయన తల్లి కూలికి పోయే మనిషి. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే తొడ మీద గిల్లేదట. "తన కండ్లు మూసుకొనే గిల్లేదమ్మా. నా తొడ ఆమెకు ఎట్ల దొరికేదో నాకు ఇప్పటికీ తెల్దు" అని నవ్వేవారు. ఆ అలవాటు అట్లాగే నిలిచిపోయింది. ప్రార్థన చేసుకుందాం అన్న మాట చెవిన పడితే చాలు, స్విచ్ వేసినట్టు ఆయన కళ్ళు మూతపడేవి. స్టాఫ్ రూములో చేతిలో టీ గ్లాసు ఉన్నా అంతే. ఆ గ్లాసు చల్లారిపోయేది.

మేం ముగ్గురం ఒకే బడిలో పనిచేసేవాళ్ళం, ఒకే సంఘం. ఆయన కారులో ముగ్గురం కలిసి పోయేవాళ్ళం. ఆయన నడిపేవారు, హెడ్‌మాస్టరు గారు ముందు సీట్లో, నేను వెనక. పొద్దున్నే చర్చి గేటు ముందు కారు ఆగేది. ఇంజన్ ఆపేవారు. నేను ప్రార్థన చేసేదాన్ని. తర్వాతే బండి కదిలేది. దేవుడు నాకు ప్రార్థనా వరం ఇచ్చాడని సంఘంలో అందరూ అనేవాళ్ళు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

"అమ్మా, నీ ప్రార్థన ఎమ్మిగనూరు దాకా పోయి వస్తాది. మనం మాత్రం ఇంకా గేటు కాడనే ఉంటాం" అని హెడ్‌మాస్టరు గారు ఎగతాళి చేసేవారు.

"చేయనీ సార్. ఆమె ప్రార్థన వల్లనే ఈ బండికి ఇంతవరకు ఒక గీత పడలేదు" అనేవారు ఆయన.

మూడేళ్ళ కిందట నవంబరు నెలలో ఒక రోజు నేనే ఆలస్యంగా వచ్చాను. పత్తి రోజులు. మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. తొమ్మిది లోపల బడికి చేరి ఫోనులో ముఖం చూపించి హాజరు వేయాలి. గేటు దగ్గర ఆగే వీల్లేదు.

"బండి నడస్తానే చేద్దామమ్మా. దేవుడికి ఇంజన్ సప్పుడు అడ్డమా?" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి ప్రార్థనకూ ముందు చెప్పే మాటే నోటికి వచ్చింది. "కళ్ళు మూసుకొని తలలు వంచుదాం" అన్నాను. ఎక్కడ ఉన్నామో, ఎవరితో అంటున్నానో ఆలోచించలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. హెడ్‌మాస్టరు గారు మూసుకున్నారు.

ఆయన కూడా మూసుకున్నారు.

మా ప్రయాణాన్ని నీ రెక్కల నీడలో దాచమని దేవుణ్ణి అడుగుతున్నాను. ఆ వాక్యం పూర్తి కాలేదు.

మా కారు గుద్దింది సైకిల్ మీద పోతున్న ఒక మనిషిని. అతను మా బడికి ముందు వచ్చే ఊరివాడు. జిన్నింగు మిల్లులో హమాలీ. రాత్రి షిఫ్టు దిగి, మేం పోయే వైపే, రోడ్డుకు ఎడమ అంచున ఇంటికి పోతున్నాడు. తలంతా తెల్లగా ఉంటే ముసలివాడనుకున్నాను. తర్వాత కర్నూలు పెద్దాసుపత్రిలో భార్య తడిగుడ్డతో తల తుడుస్తుంటే ఆ తెలుపంతా గుడ్డకు వచ్చింది. అది పత్తి నుసి. కింద నల్లటి జుట్టు ఉంది. నలభై కూడా నిండలేదు.

రోడ్డు మీద మనుషులు చేరుకున్నారు. లెక్కల సారు పక్కనున్న కాలువలోకి దిగి ఆ మనిషి తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఎవరో అడిగారు, ఎట్ల జరిగింది అని. హెడ్‌మాస్టరు గారు, "సైకిల్ ఒక్కసారిగా కుడికి తిప్పినాడప్పా" అని నా వైపు చూశారు.

"అవును, అడ్డం వచ్చినాడు" అన్నాను నేను.

అంతకు ముందు నా నోటి నుంచి వచ్చిన మాట ప్రభువా అన్నది. రెంటికీ మధ్య ఐదు నిమిషాలు కూడా లేవు.

మూడో రోజు ఆ మనిషి పోయాడు. మేం చెప్పిందే పోలీసుల కాగితం మీదికి ఎక్కింది. లెక్కల సారు ఆ కాగితం చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. హెడ్‌మాస్టరు గారు చెవి దగ్గర ఏదో చెప్పారు. నేను, "అన్నా, మాకూ పిల్లలున్నారు" అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

ఆసుపత్రి వరండాలో ఆ మనిషి భార్య మా దగ్గరికొచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకొని ఉంది. మమ్మల్ని తిడుతుందనుకున్నాను. ఆమె లెక్కల సారు ముందు చేతులు జోడించింది.

"సారూ, మావోడు సూసుకోకుండా అడ్డమొచ్చె. పనికి పోయే మిమ్మల్ని ఈ ఆసుపత్రిలో కూసోబెట్టె. ఏమనుకోవద్దండి సారూ."

ఆయన గోడకు ఆనుకున్నారు. వేలు గాల్లోకి లేవలేదు.

తర్వాత ఒకసారి నాతో అన్నారు. "కండ్లు మూసింది మూడు సెకండ్లమ్మా. ఆ వేగానికి యాభై మీటర్లు. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తాంది."

కారు అమ్మేశారు. వారం రోజులు బస్సులో వచ్చారు. ఆ తర్వాత సైకిల్ మీద వచ్చారు. వెనక క్యారియర్‌కు ఎర్రగుడ్డ కట్టుకున్నారు. రోడ్డు పక్క టీ కొట్టాయన ఆపి అడిగాడు.

"ఏం సార్, కారు ఏమాయ? వదినమ్మ పుట్టింటికి తోలుకపోయిందా?"

"కడుపు సూడప్పా ఎట్ల పెరిగిందో. డాక్టరు తొక్కమన్న్యాడు."

పిల్లలు అడిగితే కారుకు జ్వరం అన్నారు. సాటి టీచర్లు అడిగితే పెట్రోలు అన్నారు. పాస్టరుగారు అడిగితే, "దేవుడు కాళ్ళు ఇచ్చినాడు గద అయ్యగారూ" అన్నారు. అది ఆదివారం ప్రసంగమైపోయింది. దేవుడిచ్చిన కాళ్ళు, దేవుడిచ్చిన గాలి. అందరూ వెనక్కి తిరిగి ఆయనను చూశారు.

ఆ ప్రసంగం ఊరికే పోలేదు. బ్యాంకులో పనిచేసే ఒక తమ్ముడు కారు ఇంట్లో పెట్టి సైకిల్ కొన్నాడు. ఒక నర్సమ్మ కొన్నది. మిల్లు గుమాస్తా ఒకాయన తుప్పు పట్టినదాన్ని బాగుచేయించుకున్నాడు. చర్చి గోడ వెంట సైకిళ్ళ వరుస మొదలైంది. ఆ బ్యాంకు తమ్ముడిని నేను అడిగాను, షుగరు భయమా, ప్రసంగమా అని. "అవేం కాదక్కా. ఆఫీసరు సైకిల్ మీద పోతే నలుగురూ నవ్వుతారని సిగ్గుండె. సారు ముందు పోతాంటే ఆ సిగ్గు పోయింది" అన్నాడు. మనుషులు మారేది ఇట్లాగే అనుకుంటాను. ఎంత చెప్పినా కదలనివాళ్ళు, ముందు ఒక మనిషి పోతుంటే కదులుతారు.

ఆ ముందు పోయే మనిషికి మాత్రం అది నరకం. "నా వెనక రావద్దప్పా" అని బతిమాలుకునేవారు. వాళ్ళు అది వినయం అనుకునేవాళ్ళు. చివరికి వాళ్ళ సైకిళ్ళకూ తానే ఎర్రగుడ్డలు కట్టి, ఒకరి వెనక ఒకరుగా ఎడమ అంచునే పోవాలని నేర్పారు. నాతో అన్నారు, "నా అబద్ధం మీద ఇంతమంది తొక్కుతాండారమ్మా. వీళ్ళలో ఒకరికేమన్నా అయితే అది కూడా నా లెక్కలోకే వస్తాది."

ఒకసారి ఆదోనిలోని కాలేజీ పిల్లలు కాగితాలు పట్టుకొని చర్చికి వచ్చారు. ఉద్యోగస్తులు కారు మాని సైకిల్ ఎందుకు ఎక్కుతున్నారో రాసుకుంటున్నారు. ఆరోగ్యం, పొదుపు, పర్యావరణం, ఇతరులను చూసి, ఇతరములు అని గడులున్నాయి. ఆయన అన్నీ చదివి 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టారు.

"సార్, ఇతరములు అంటే ఏందో రాయాల" అన్నాడు ఒక కుర్రాడు.

"ఎంత సోటుందప్పా?"

"ఒక గీత సార్."

"సాలదు" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆయనలో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. రోడ్డు మీద ఆ చోటు రాకముందే సైకిల్ దిగేవారు. కొంతదూరం నడిపించుకుంటూ పోయి మళ్ళీ ఎక్కేవారు. మోకాలి నొప్పి అనుకున్నారు చూసినవాళ్ళు. హెడ్‌మాస్టరు గారు కొత్త కారు కొని డ్రైవరును పెట్టుకున్నారు. నేను అందులో పోయేదాన్ని. రోజూ పొద్దున లెక్కల సారును దాటిపోయేవాళ్ళం. డ్రైవరు హారన్ కొట్టేవాడు. ఆయన ఇంకా అంచుకు జరిగేవారు, తల తిప్పేవారు కాదు. మా కారులో ప్రార్థన లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ మొదలుపెట్టలేదు.

రెండోది, చర్చిలో ఆయన కళ్ళు తెరిచే ప్రార్థన చేసేవారు. సండే స్కూలు పిల్ల ఒకతె లేచి అడిగింది కూడా. "అయ్యగారూ, ఆ తాత కండ్లు మూసుకోడు. నేనెందుకు మూసుకోవాల?" అందరూ ఘొల్లున నవ్వారు. ఆ పిల్లను వాళ్ళమ్మ గిల్లింది. ఆయన ఆ చిన్నపిల్ల తొడ వైపు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నారు.

నెల మొదటి ఆదివారాల్లో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సమయానికి ఆయన వెనక బెంచీ నుంచి లేచి బయటికి పోయేవారు. నేను గమనించి అడిగాను.

"అర్పణ తెచ్చినప్పుడు నీ మీద ఎవరికన్నా ఏమన్నా ఉంటే, ముందు పోయి వాళ్ళతో సమాధానపడమని గదమ్మా వాక్యం. ఆమెకు నిజం సెప్పాల. సెప్పినాక వచ్చి మోకరిస్తా."

ఆయనకు కావలసింది అదొక్కటే. శిక్ష తప్పించుకోవాలని లేదు. ఆ భార్యకు, నీ మనిషి తప్పు చేయలేదు అని చెప్పాలి. తర్వాత ఆ రొట్టె నోట్లో పెట్టుకోవాలి.

ప్రమాదం జరిగిన మూడు నెలలకు, ఫిబ్రవరిలో, మాకెవరికీ చెప్పకుండా వాళ్ళ ఇంటికి పోయారు. తలుపుకు తాళం, దానికి అడ్డంగా ముళ్ళకంప. ఊరు సగం ఖాళీ. గుంటూరు వైపు మిరపకాయ కోతల వలసకు, అదే సుగ్గికి పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పింది. మరుసటి రోజు స్టాఫ్ రూములో నాతో ఆ మాట అన్నారు. నాకు ఊపిరి వచ్చినట్టయింది.

"దేవుడే తలుపు మూసినాడన్నా" అన్నాను.

"మూసింది దేవుడు కాదమ్మా, సుగ్గి. వాళ్ళు తిరిగొస్తారు."

హెడ్‌మాస్టరు గారికి చెప్పాను. ఆయన వెంటనే లెక్కల సారు దగ్గరికి పోయారు. అబద్ధం చెప్పింది ముగ్గురమూ. నిజం బయటపడితే తన ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. "నేను రిటైరయ్యేదాకా ఆగప్పా. నీ కాళ్ళు పట్టుకుంటా" అని నిజంగానే వంగారు. లెక్కల సారు ఆయనను భుజాలు పట్టి లేపి నా వైపు చూశారు. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నేను కూడా, "ఆగన్నా" అన్నాను. ఆయన మాట ఇచ్చారు. మూడేళ్ళ పైచిలుకు ఆగుతానని మాట ఇచ్చారు.

ఆ హమాలీ భార్య సుగ్గి నుంచి తిరిగొచ్చింది. రోజూ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ పోయే ఆయనను చూసింది. చూసి తనకు తోచిన అర్థం చేసుకుంది. తన మొగుడి కేసు వల్లనే సారు కారు అమ్ముకొని ఈ గతికి వచ్చాడనుకుంది. ఎండాకాలం సాయంత్రాల్లో చెంబు పట్టుకొని రోడ్డు మీదికొచ్చేది. ఒకసారి వాళ్ళ ఊరి దగ్గర మా కారుకు పంక్చరైంది. దిగి నిలబడి ఉంటే నా కళ్ళతోనే చూశాను.

"తాగు సారూ. మావోని వల్ల నీకు ఎంత కట్టం వచ్చె."

ఆయన రెండు చేతులతో చెంబు తీసుకున్నారు. తాగుతుంటే నీళ్ళు చొక్కా మీదికి కారాయి. చెంబు తిరిగి ఇచ్చి ఏదో అనబోయారు. అంతలో నేను నిలబడి ఉండటం చూశారు. నోరు మూసుకొని సైకిల్ ఎక్కారు.

హెడ్‌మాస్టరు గారి రిటైర్మెంటు వచ్చే జూన్లో. లెక్కల సారుకు పోయిన నెల వానల్లో డెంగీ వచ్చింది. నాలుగో రోజుకు కర్నూలుకు తీసుకుపోయారు. నేను పోయేటప్పటికి పాస్టరుగారు మంచం పక్కన రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసుకుంటున్నారు. లెక్కల సారు భార్య ఆయన తల ఎత్తి పట్టుకుంది. పాస్టరుగారు చిన్న తునక పెదవుల దగ్గర పెట్టారు.

ఆయన పెదవులు బిగించారు. తల అటు, ఇటు ఆడించారు.

"మింగలేకపోతాండాడు, పాపం" అన్నారు పాస్టరుగారు.

మింగలేక కాదు. ఆయన కళ్ళు తెరుచుకొని నా మీదే ఉన్నాయి. ఆ చూపులో కోపం ఉందని చెప్పలేను. బోర్డు దగ్గర నిలబెట్టిన పిల్లవాడి జవాబు కోసం చూసినట్టు ఉంది. ఆగుతానని మాకిచ్చిన మాట నుంచి నేను ఆయనను విడిపించి ఉండవచ్చు. అందరి ముందూ ఆ సంగతి నా నోటితో చెప్పి, అన్నా, ఇక తీసుకో అని ఉండవచ్చు. ప్రార్థనా వరం ఉన్న నోరు నాది. తెరవలేదు. సాయంత్రానికి ఆయన పోయారు.

దేవుడు క్షమిస్తాడని నేను నమ్ముతాను. ఆ నమ్మకం లేకుంటే నేను ఒక్క రోజు బతకలేను. కానీ క్షమాపణ అడగవలసిన చోటు దేవుని దగ్గర ఒక్కటే కాదని తెలిసి కూడా మూడేళ్ళు దేవుని దగ్గరే అడుగుతూ కూర్చున్నాను. దేవుని పాదాలు పట్టుకోవడం నాకు సులువు. ఆ ఊరి రోడ్డు దాటడం కష్టం.

ఆదరణ కూడిక అయిన మరునాడు బస్సు దిగి ఆ హమాలీ ఇంటికి పోయాను. అతని భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. కూర్చోమని గోనెపట్ట వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ప్రార్థన సంగతి, కళ్ళ సంగతి, రోడ్డు మీద నేనన్న మాట, అన్నీ చెప్పాను.

చేట ఆగింది.

"అడ్డం తిప్పలేదా?"

"లేదమ్మా."

"ఎడం పక్కనే పోతాండెనా?"

"అంచునే."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"మూడేండ్లమ్మా. పెద్దల అమాసకు ఆ మనిషికి అన్నం పెట్టేటప్పుడు గూడా తిట్టినాను. కండ్లు యాడ పెట్టుకొని పోతివిరా, మమ్మల్ని నడిమధ్యన ఇడిసి అని. నా కొడుకుకు నేనే సెప్తిని, మీ నాయినదే తప్పని." నా ముఖంలోకి చూసింది. "ఆ సారు ఎందుకు సెప్పలేదు?"

"చెప్పడానికే వచ్చారు. మీరు సుగ్గికి పోయి ఉన్నారు. తర్వాత ఆపింది నేను."

ఆమె లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. నా మణికట్టు పట్టుకుంది. కూలి చేసిన చెయ్యి, గట్టిది.

"నా ఒక్కదానికి సెప్తే సాలదు. ఈ వీధంతా మావోడే తప్పు సేసినాడనుకుంటాంది. రా."

పక్క వాకిలి ఆమె మొగుడి అన్నగారిది. ఆమె గడప దగ్గర నిలబడి గట్టిగా పిలిచింది. "బావా, బయటికి రా. అక్కను గూడా పిలువు. ఈ టీచరమ్మ ఒక మాట సెప్తాది, ఇనండి."

వాళ్ళు బయటికి వచ్చారు. పిల్లలు వచ్చారు. ఎదురింటి అరుగు మీద ఉన్నవాళ్ళు లేచారు. ఎవరి పేరుతో మొదలుపెట్టాలో ఒక్క క్షణం తోచలేదు. ఆయన చెప్పవలసిన మాట, ఆయన నిలబడవలసిన గడప. ముందు నా పేరు చెప్పాను. తర్వాత జరిగింది చెప్పాను.

ఆమె నా చెయ్యి వదలకుండా రెండో ఇంటి వైపు నడిచింది.